పాలు తాగావా నాన్నా

సాయంత్రం ఫైనల్. పొద్దున్నే బుడంకాయ మీద ఫిర్యాదు వచ్చిపడింది.

పదిహేడేళ్ల లోపు కుర్రాళ్ల అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలవి. సెమీఫైనల్లో మన బుడంకాయ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఓడినవాళ్లకి కడుపు మండింది. "వీడు కుర్రాడు కాదు, వయసు దాచాడు" అని కమిటీకి చెప్పేశారు. ఆ మాట రుజువైతే మన జట్టు ఇంటికి, వాళ్లు ఫైనల్‌కి. వాళ్ల గోల్‌కీపర్‌ని చూస్తే పెళ్లీడు కొడుకున్నాడేమో అనిపిస్తుంది. కానీ ఓడినవాడి వయసు ఎవడడుగుతాడు?

బుడంకాయ పేరుకు తగ్గట్టే ఉంటాడు. జట్టులో అందరి భుజాల కిందికి వస్తాడు. మూతి నున్నగా ఉంటుంది. పెద్దవాళ్లు పలకరిస్తే నేల చూపులు చూస్తాడు. అలాంటివాణ్ణి పట్టుకుని దొంగ అనేశారు పాపం.

మణికట్టు ఎముకని ఫొటో తీసి వయసు చెప్పే యంత్రం ఒకటుంది. సరిగ్గా ఆ పూటే అది మొరాయించింది. బాగుచేసే మనిషి ఫైనల్ టికెట్ల క్యూలో ఉన్నాడట, ఫోనెత్తడు. ఇక చేసేది లేక, ఒక డాక్టరు కుర్రాణ్ణి చూసి, మాట్లాడి తేల్చాలంది కమిటీ.

డాక్టరు మనవాడే. పిల్లల వైద్యంలో తల పండినవాడు. కానీ మొహమాటం అన్నది ఆయన ఒంట్లోనే లేదు. ఇలాంటి పరీక్షలోనే ఒకసారి సొంత మేనల్లుణ్ణి ఇంటికి పంపించాడని చెప్పుకుంటారు. ఆ పేరు విని అవతలివాళ్లు కూడా సరేనన్నారు. వాళ్ల మేనేజరు, పక్కన మన భాష తెలిసిన దుబాసీని కూర్చోబెట్టుకుని, వేటగాడిలా కాచుకున్నాడు.

డ్రెస్సింగ్ రూమ్ పక్కన ఇరుకు గది. మసాజ్ బల్ల, నొప్పుల మందు వాసన, మూలన ఐసు డబ్బా. కోచ్ గోడకి ఆనుకుని చెమటలు కక్కుతున్నాడు. ఈ జట్టు ఫైనల్ దాకా రావడం ఇదే మొదటిసారి.

"కూర్చో. ఎన్నేళ్లు నీకు?" అన్నాడు డాక్టరు.

"పదహారండీ."

"చదువు?"

"అబ్బలేదండీ."

"పెద్దయ్యాక ఏమవుదామని?"

బుడంకాయ చాలాసేపు ఆలోచించాడు. "ఇంకా అనుకోలేదండీ."

డాక్టరు వాడి పళ్లు చూశాడు. మోకాళ్లు నొక్కాడు. గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పాడు. ఆయన మొహం ముడుచుకుంది. ఎండలో ఆడీ ఆడీ కందిన మొహమో, ముదిరిన మొహమో తేలట్లేదు.

అప్పుడు బుడంకాయ జేబులో ఫోన్ మోగింది.

"ఎవరు?" అన్నాడు డాక్టరు.

"ఇంటి నుంచండీ. తర్వాత మాట్లాడతాను."

"ఇప్పుడే మాట్లాడు. అందరికీ వినబడేలా పెట్టు."

బుడంకాయ స్పీకర్ నొక్కాడు. లైను గరగరలాడింది. జలుబు చేసిన గొంతు, అందులోనూ దబాయింపే.

"నాన్నా, పాలు తాగావా?"

"తాగానమ్మా."

"అబద్ధం."

"ఒట్టు, తాగానమ్మా."

"మోకాలికి మందు రాసుకున్నావా? నువ్వెప్పుడూ ఇంతే, చెప్పిన మాట వినవు. మొన్న టీవీలో చూశా, ఎలా పడ్డావో. నాకు ఏడుపొచ్చేసింది."

"దెబ్బేం తగల్లేదులే. ఏడవకమ్మా."

"పెద్దపెద్దవాళ్లతో ఆడకు నాన్నా. తోసేస్తారు."

ఇక్కడ దుబాసీ మేనేజరు చెవిలో ఏదో ఊదాడు. మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చెయ్యి బుడంకాయ వైపు చాపి గడగడా మాట్లాడేశాడు.

దుబాసీ గొంతు సవరించుకున్నాడు. "ఆ ఫోన్లో ఉన్నవారు ఇతన్ని 'తండ్రీ' అని సంబోధిస్తున్నారు. కాబట్టి ఇతను తండ్రి, అంటున్నారు మా మేనేజరుగారు."

డాక్టరుగారు నవ్వారు. ఆయన నవ్వగా అంతకుముందు అక్కడ ఎవరూ చూడలేదు.

"బాబూ, మా భాష నువ్వు పుస్తకాల్లో నేర్చుకున్నట్టున్నావు. మా ఇళ్లల్లో ముద్దు ముదిరితే కొడుకే నాన్న, కూతురే అమ్మ. ఇంత వయసొచ్చి బట్టతలేసుకుని తిరుగుతున్నానా, మా అమ్మ ఇప్పటికీ నన్ను నాన్నా అనే పిలుస్తుంది. అంతమాత్రాన నేను ఆవిడకి తండ్రినైపోతానా?"

కోచ్ అవసరమైనదానికన్నా గట్టిగా నవ్వాడు. దుబాసీ చెవులు ఎర్రబడ్డాయి. పాపం, అన్న మాట వెనక్కి తీసుకుని మేనేజరుకి మళ్లీ మొదటినుంచీ విడమర్చాడు. మేనేజరు నమ్మలేదు. కానీ భాష రానివాడు ఏమని వాదిస్తాడు?

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకా పాలు తాగించే వయసయ్యా వీడిది. అంత ప్రేమగా అడుగుతుంటే వినబడట్లేదూ? యంత్రాలూ ఎముకలూ ఎందుకు, ఆ పిలుపు చాలదూ? కుర్రాడు ఆడతాడు."

డాక్టరు బుడంకాయ తల నిమిరాడు. "వెళ్లు నాన్నా. ముందు ఆ మాట ఇంట్లో చెప్పు, బెంగపెట్టుకున్నట్టున్నారు."

బుడంకాయ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సాయంత్రం ఆడుతున్నానమ్మా, టీవీ పెట్టుకో" అన్నాడు.

అవతల ఫోన్ పెట్టేసిన మనిషి రిబ్బన్లు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తి, "నాన్న పాలు తాగేశాడంట, ఇక నాకు జడెయ్యమ్మా, బడి బెల్లు కొట్టేస్తారు" అంది.