ఇంటి పెద్ద

“చదువుకుంటానంటే వద్దన్నానా అమ్మా?” అన్నాడు ఆడిటరు, బూటు లేసులు విప్పుతూ. “ఏదో కాలక్షేపం కదా అని ఊరుకున్నాను. ఉద్యోగం దాకా వస్తుందనుకోలేదు.”

“మార్కెటింగ్‌లో డిగ్రీ తీసుకుని ఇంకెక్కడి దాకా వెళ్తాననుకున్నావు నాన్నా?”

“మార్కెటింగట! రోజూ సాయంత్రం సంచి పట్టుకుని నువ్వు చేసేది అదేగా. దానికి డిగ్రీ కూడా ఉందని నీవల్లే తెలిసింది.”

తన హాస్యానికి తనే నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ జోకు ఆమె కాలేజీలో చేరిన రోజు నుంచీ ఆ ఇంట్లో చెలామణిలో ఉంది. మొదటి ఏడాదిలోనే అరిగిపోయింది.

పిలుపులకేం లోటు లేదు ఆ ఇంట్లో. అమ్మా అంటే అమ్మా, నాన్నా అంటే నాన్నా. నిర్ణయాలు మాత్రం ఒకవైపు నుంచే వచ్చేవి. ఎంతసేపు టీవీ చూడాలి, ఎవరితో ఫోనులో మాట్లాడాలి, ఏ రంగు బట్టలతో గుమ్మం దాటాలి. అన్నీ ప్రేమగానే. ప్రేమగా మూసినా మూసిన తలుపు మూసిన తలుపేనని ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

“నీకేం తక్కువ చేశాను, చెప్పు?”

“తక్కువేం లేదు. అడిగి తెచ్చుకోవలసినవే ఎక్కువయ్యాయి.”

“ఈ వయసులో నువ్వు బస్సుల్లో వేలాడుతుంటే నలుగురూ నన్నేమంటారు? ఆడిటరు ఆడవాళ్ళ సంపాదన తింటున్నాడని కాదూ?”

“ఎదుటివాళ్ళని ఒప్పించడమేగా నేను చదివింది. ముందు ఆ నలుగురితోనే మొదలుపెడతాను.”

వంటగదిలోంచి ఆడిటరు భార్య తొంగిచూసింది. “అంత కష్టపడి చదివింది ఇంట్లో కూర్చోడానికా అండీ?”

“నువ్వు మధ్యలో రాకు.”

తొంగిచూసిన తల వెనక్కి వెళ్ళిపోయింది. ఆడిటరు ఫోను తీసుకుని బాల్కనీలోకి నడిచాడు. “నేను చూసుకుంటాలే అమ్మా,” అన్నాడు, తలుపు దగ్గరగా వేస్తూ. ఏం చూసుకుంటాడో చెప్పలేదు.

ఆమె గదిలోకి వెళ్ళి రేపటి బట్టలు ఇస్త్రీ చేసుకుంది. కాలేజీలో ఆమెకు ‘ప్రిన్సిపాల్’ అని పేరు. మొదటి రోజున ఆమె తరగతిలో అడుగుపెట్టగానే అందరూ పొరపాటున లేచి నిలబడ్డారు. ఆ నడక అలాంటిదని తర్వాత చెప్పుకుని నవ్వుకున్నారు. ఎగతాళిగా పెట్టిన పేరు చివరి ఏడాదికి గౌరవంగా మారింది. ప్రాజెక్టుల్లో ఆమె జట్టులో చోటు కోసం పోటీలు పడ్డారు.

ఉద్యోగం వచ్చింది కుక్కర్లు చేసే కంపెనీలో. ఇంటర్వ్యూలో మేనేజరు ఒక ప్రకటన ఆమె ముందుకు తోసింది. బల్ల చుట్టూ కుటుంబమంతా నవ్వుతూ తింటున్న ఫోటో. కింద, ‘ఇంటిల్లిపాదికీ ఒకే కుక్కర్’.

“ఇందులో లోపమేమిటో చెప్పండి.”

“తినేవాళ్ళందరూ ఉన్నారండి. వండినావిడ లేదు.”

“ఆవిడని పెడితే ఏం చేయిస్తారు?”

“ముందు కూర్చోబెడతాను.”

మేనేజరు కలం మూత పెట్టేసింది. “బుధవారం వచ్చి చేరండి,” అంది.

బుధవారం తెల్లవారింది. ఆడిటరు ఇంకా లేవలేదు. అతని భార్య టిఫిను డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టి, చెప్పులు సైతం గుమ్మం బయట సిద్ధంగా ఉంచింది. “భయపడొద్దు. టైముకి తినాలి, సరేనా?” అని గుసగుసగా చెప్పి, చప్పుడు కాకుండా గడియ తీసింది. ఆమె మాత్రం తలుపును చప్పుడయ్యేలాగే మూసి వెళ్ళింది.

కంపెనీ ఆఫీసులో రిసెప్షనిస్టు ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచింది. వచ్చిన పని విని, పై అంతస్తులోని హెచ్చార్ ఆఫీసరుకు ఫోను కలిపి, రిసీవరు ఆమె చేతికిచ్చింది.

“మేనేజరుగారు టూర్లో ఉన్నారమ్మా,” అన్నాడు ఆఫీసరు. “మీ కాగితాలు నేనింకా చూడలేదు. ఇంతలోనే మీరు చేరట్లేదని నిన్న మీ ఇంటినుంచి ఫోనొచ్చింది. మధ్యాహ్నం ఇంకో అమ్మాయిని రమ్మన్నాం.”

“ఎవరు చేశారండీ ఫోను?”

“పేరు చెప్పలేదు. ఇంటి పెద్దని అన్నారు. ఆ గొంతు వినగానే నాకు తెలిసిపోయింది లెండి, నాకూ ఇద్దరాడపిల్లలు. చూడమ్మా, కాలేజీ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకి ఆవేశం సహజం. అందులోనూ మొదటి ఉద్యోగం. కానీ కన్నవాళ్ళకి ఇష్టం లేకుండా…”

“కన్నవాళ్ళకి ఏ అభ్యంతరమూ లేదండి.”

“మరి ఆయన అంత గట్టిగా చెప్పారే!”

“గొంతు గట్టిదే. కానీ ఉద్యోగం నాది. చేరనని చెప్పవలసింది నేను. నేను చెప్పలేదు. మధ్యాహ్నం వచ్చే అమ్మాయికి ఇంకో కుర్చీ చూడండి. ఈ కుర్చీ నాది.”

రిసెప్షనిస్టు కంప్యూటరు వైపు చూస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పడేసింది.

“సరేనమ్మా,” అన్నాడు ఆఫీసరు చివరికి. “పైకి రండి, సంతకం పెడుదురుగాని. కానీ రేపు ఆయన మళ్ళీ ఫోను చేస్తే నేనేమని మాట్లాడాలి? కన్నవాళ్ళకి అభ్యంతరం లేదంటున్నారు. ఇంతకీ ఆ ఇంటి పెద్ద ఎవరు?”

ఆమె కళ్ళజోడు సర్దుకుంది.

“నేను కన్నవాడు.”