రాణి తరఫున

ఈ ఉదయం పనిమనిషి మున్నీ టీ పెడుతుంటే సాసర్లు చప్పుడు చేశాయి. జ్వరంతో ఆమె చేతులు వణుకుతున్నాయి.

మేడమ్ ఫోన్ చూస్తూ నవ్వింది. "యూరప్‌లో ఎవరో రాణికి జబ్బట. అంతా నాటకం!"

ఒమన్‌లోని సలాలాలో, ఈ ఇంటి పిల్లలకు నేను పాఠాలు చెబుతాను. పెద్దవాళ్ల ముందు నోరెత్తను. ఇవాళ మాత్రం ఇంగ్లీషులో గట్టిగానే వాదించాను. "రాణిదైనా ఒళ్లే కదా మేడమ్? జబ్బుమనిషిని నమ్మకపోతే ఎలా?"

మేడమ్ మున్నీ వైపు తిరిగింది. "దీనిదీ నాటకమే. రేపు ఏజెన్సీకి తిరిగి పంపేస్తాను."

నేను తలొంచుకుని టీ తాగాను.

వంటింట్లో మున్నీ నా కప్పు అందుకుంటూ నవ్వింది. "ఏం ఇంగ్లీషు మాట్లాడితివే! ఆ రాణమ్మ వినింటే ఎంత మురిసిపోయేదో."

మున్నీ మా అమ్మ. ఆ సంగతి మేడమ్‌కు చెప్పొద్దన్నది నేనే.