పది రోజుల కాపలా

దువ్వెన చెవి వెనక ఉండకట్టిన బొచ్చులో ఇరుక్కుంది.

మాణిక్యాంబ కాస్త గట్టిగా లాగింది. జిమ్మీ గుర్రుమని ఆమె చెయ్యి పట్టేసింది.

మూడేళ్ళుగా తన చేత్తో నీళ్ళు పోసి, దువ్వి పెంచుతున్న కుక్క. ఏనాడూ పళ్ళు చూపించలేదు.

మణికట్టు మీద రెండు గాట్లు. సన్నగా నెత్తురు.

"పిచ్చెక్కిందేమో! చంపేస్తాను దీన్ని" అంటూ భర్త బసవేశ్వరరావు దుడ్డుకర్ర అందుకున్నాడు.

"ముందు నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళండి!" అని ఏడ్చిందామె.

అది అరవై ఆరు ఎండాకాలం. బాపట్ల ధర్మాసుపత్రిలో బొడ్డు పక్కన మొదటి సూది పొడిచారు. మొత్తం పద్నాలుగట.

ఇంటికొచ్చేసరికి వెనకాలే ఒక మనిషి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. నల్లగా, పొడుగ్గా, గడ్డం మాసి ఉన్నాడు.

"బాబూ, కుక్కని చంపకండి. పది రోజులు కట్టేసి చూడండి. అది బాగుంటే అమ్మగారికి భయం లేదు. అందాకా సూదులు మాత్రం మానొద్దండి."

"నువ్వెవరయ్యా?"

"సూర్యలంక నుంచండి. ఆస్పత్రిలో మిమ్మల్ని చూశాను, మీ మాటలు విన్నాను."

కత్తెర అడిగాడు. జిమ్మీ మూతికి గుడ్డ కట్టి, ఉండకట్టిన బొచ్చు కత్తిరించాడు. కింద నెత్తురు తాగే గోమార్లు పట్టి చర్మం పుండుపడి ఉంది. వేపాకు కాచిన నీళ్ళతో కడిగాడు.

"నొప్పికి కరిచిందేమోనండి. అయినా చూడాలి."

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

జిమ్మీకి నీళ్ళు పెట్టించేవాడు. తాగేదాకా చూసేవాడు. ఆ తర్వాత నెమ్మదిగా దువ్వేవాడు.

మాణిక్యాంబ తలుపు గడియ వేసుకుని కిటికీలోంచి చూసేది. కుక్కని చూస్తే భయం. అతన్ని చూస్తే ఇంకా భయం.

"ఇంటి గుట్టు కనిపెట్టడానికి వస్తున్నాడేమోనండీ" అంది భర్తతో.

నాలుగో రోజు జిమ్మీ నీళ్ళు ముట్టలేదు.

మాణిక్యాంబ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చుకుని, అవి తనకు గొంతు దిగుతాయో లేదోనని చూస్తూ కూర్చుంది.

అతను కదల్లేదు. ఎండలోనే గొంతుక్కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి జిమ్మీ లేచి గిన్నె ఖాళీ చేసింది. అతను తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

పదో రోజు జిమ్మీ తోక ఊపుతూ అతని మీదికి ఎగబడింది.

"గండం గడిచిందమ్మా" అన్నాడు.

"సరేలే. ఇంక నువ్వు రానక్కర్లేదు."

కిటికీలోంచే అంది. పేరడగలేదు. కూర్చోమనలేదు.

మర్నాడు డాక్టరు సూదులు ఆపేశాడు. కాంపౌండరు నరసింహం చీటీ ఇస్తూ అడిగాడు.

"సింగయ్య మీ ఇంటికే కదండీ వచ్చింది?"

"అతని పేరు సింగయ్యా? ఇక్కడున్నాడా?" ఆమె చుట్టూ చూసింది.

"పొద్దున్నే రేపల్లె వెళ్ళిపోయాడండి. అక్కడెవరినో కుక్క కరిచిందట. ఎక్కడ విన్నా ఇలాగే వెళ్తాడు."

"ఎందుకు?"

నరసింహం గొంతు తగ్గించాడు.

"కిందటేడు తన పెంపుడు కుక్కే కూతుర్ని కరిస్తే, అప్పటికప్పుడు దాన్ని కొట్టి చంపేసి, పీడ విరగడైందనుకుని పిల్లని ఇక్కడికి తీసుకురాలేదండి; నలభయ్యో రోజున పిల్ల పోయింది."