మోకాలికి ఆఫీసరు

"నొప్పి ఉందా?" సిపాయి మోకాలిని వంచుతూ అడిగింది ఆమె.

"లేదు మేడమ్."

సైన్యంలో ఫిజియోథెరపిస్టుగా కొత్తగా చేరిన ఆమెకు అది శిక్షణలో ఆఖరి పరీక్ష. పరీక్ష పెట్టిన మేజరు మంచం పక్కనే నిలబడ్డాడు. సిపాయి మోకాలికి ఆపరేషనయి మూడు వారాలైంది. అది ఓర్చుకున్నంతే వంచాలి. మించితే లోపలి కుట్లు తెగొచ్చు, అతను జన్మంతా కుంటాల్సి రావచ్చు.

కోణం కొలిచే పట్టీ డెబ్బై డిగ్రీలు చూపింది.

"ఇప్పుడో?"

"అబ్బే, హాయిగా ఉంది మేడమ్."

ఆమె అరచేతి కింద తొడ మాత్రం రాయిలా బిగిసింది. రెండో కాలి వేళ్లు దుప్పటిని గట్టిగా పట్టుకున్నాయి. ఆమె చెయ్యి ఆగింది.

"నిజం చెప్పన్నా."

"ఆఫీసరు పనిచేస్తుంటే ఆపమని సిపాయి ఎలా అంటాడు మేడమ్? ఇరవై ఏళ్లలో ఆ మాట నా నోట రాలేదు."

ఆమె మేజరు వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

కాలిని మెల్లగా చాపి పడుకోబెట్టింది. భుజాన ఆఫీసరు హోదా నక్షత్రమున్న కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

"ఈ మోకాలికి ఆఫీసరువి నువ్వు. నేను సిపాయిని. నువ్వు ఆర్డరిస్తేనే ఆపుతా."

"భలే ఇరకాటంలో పెట్టారే" అని గొణిగాడు సిపాయి.

మళ్లీ వంచింది. ఇరవై. ముప్పై. అతను పెదవి కొరుక్కున్నాడు.

నలభై దగ్గర "ఆపు" అన్నాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఆమె ఆపింది. ఇందాక ఇక్కణ్నుంచి ఇంకో ముప్పై డిగ్రీలు వంచేసిన సంగతి తలచుకుంటే ఆమెకు చెమటలు పట్టాయి.

"అతని చేత ఆ మాట అనిపించడమే పరీక్ష. ఇప్పుడు వైద్యం మొదలుపెట్టమ్మా" అన్నాడు మేజరు.