చేతి క్లచ్

"క్లచ్చు కాలితోటి కాకుంట చేతితోటి పట్టేటట్టు చేపియ్యచ్చా అన్నా?"

గ్రూపులో పడ్డ వాయిస్ మెసేజ్‌లో రాజక్క గొంతు వినగానే దేవదాసుకు నవ్వొచ్చింది. కోరుట్లలో తన పాత కారుతో వేగలేక, తోటి బాధితులను పోగేసి ఆయన పెట్టిన వాట్సాప్ గ్రూపు అది. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా డొక్కు కార్లున్న వాళ్ళంతా చేరారు. ఏ మెకానిక్ నమ్మకస్తుడు, ఏ టైరు మన్నుతుంది, ఏసీ వేస్తే మైలేజీ ఎంత పడిపోతుంది, పొద్దస్తమానం ఇదే గోల. అందులో ఆడమనిషి రాజక్క ఒక్కతే.

ఆమెది కొడిమ్యాల. వచ్చే నెల తన కారులోనే శంషాబాద్ విమానాశ్రయానికి పోవాలని, మస్కట్ విమానమని చేరిన రోజే చెప్పింది. ఆమె భర్త నర్సింగం మస్కట్‌లో డ్రైవరని ఎవరో అన్నారు. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. గల్ఫ్ విమానం సంగతి ఈ ప్రాంతంలో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

చేతి క్లచ్ మాటకు గ్రూపంతా పడి పడి నవ్వింది. ఆడవాళ్ళకు క్లచ్ తొక్కడం రాదని, ఈమె కారు నేర్చుకునేదాకా జనం ఇళ్ళల్లోంచి బయటికి రావద్దని సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే రాజమల్లు వాయిస్ మెసేజ్ పెట్టాడు. దేవదాసు కూడా ఒక నవ్వు బొమ్మ పడేశాడు. రాజక్క కోపం తెచ్చుకోలేదు. మర్నాడు అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది.

ఆ పట్టుదలకు దేవదాసే మెత్తబడ్డాడు. అలాంటి పని చేసే మెకానిక్ జగిత్యాలలో ఉన్నాడని వాకబు చేసి ఆమెను అక్కడికి రమ్మన్నాడు. కారును ఆమె తమ్ముడు నడుపుకొచ్చాడు. బానెట్ ఎత్తి చూస్తే అన్నీ రోగాలే. రేడియేటర్ కారుతోంది, వైర్లు ఎలుకలు కొరికేశాయి, సైలెన్సర్ తుప్పు పట్టింది.

"చెల్లె, నా మాట ఇను. దీన్ని పాత సామాన్లకు అమ్మేసి, గా రోజుకు కిరాయి బండి మాట్లాడుకో," అన్నాడు దేవదాసు.

"కిరాయి బండి గా ఒక్క రోజుకే అక్కరకొస్తదన్నా. గా తర్వాత మా ఇల్లు గడిచేది దీని మీదనే. విమానం నాటికి ఇది మంచిగ నడవాలె. నడిచేది నా కండ్లతోటి చూడాలె."

ఆ మాటతో దేవదాసుకు అంతా అర్థమైపోయినట్టే అనిపించింది. నర్సింగం తిరిగొచ్చి ఈ బండినే నాలుగు రాళ్ళు సంపాదించడానికి తిప్పుతాడు. ఈలోగా రాజక్క డ్రైవింగ్ నేర్చుకుని, తానే నడుపుకుంటూ పోయి మొగుడిని ఎక్కించుకురావాలని ముచ్చటపడుతోంది. ఆయనకు ఆమె మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. తను దుబాయ్ నుంచి వచ్చినప్పుడల్లా ఎదురొచ్చింది కిరాయి జీపే మరి.

అప్పటి నుంచి ఆ కారు గ్రూపందరి సొంతమైపోయింది. రాజమల్లు నవ్వినందుకు సిగ్గుపడ్డాడేమో, సిరిసిల్లలో వెతికి మంచి రేడియేటర్ పట్టుకొచ్చాడు. వైరింగ్ ఒకరు, టైర్లు ఒకరు, తలా ఒక చెయ్యి వేశారు. చేతి క్లచ్‌కు ఆర్టీవో ఆఫీసు అనుమతి కావాలని మెకానిక్ అంటే, ఆ కాగితాలు తాను చూసుకుంటానంది రాజక్క. పెట్రోలు మీద నడిపితే ఖర్చెంత, గ్యాస్ కిట్టు పెట్టిస్తే మిగిలేదెంత, బడి పిల్లలను జగిత్యాలకు తిప్పితే గిట్టుబాటవుతుందా అని అందరినీ కాల్చుకుతింది. ఒకసారి మాత్రం ఆమె గొంతు సన్నబడింది.

"దారిల బండి ఆగిపోయిందని మా ఇంటి నుంచి ఫోనొస్తే మీల ఎవలన్న పోతరా అన్నా? నేను అడుగకున్నా పోతరా?"

గ్రూపులో ఉన్న వాళ్ళంతా పోతామన్నారు. దేవదాసు అందరికంటే ముందు అన్నాడు.

అనుకున్న రోజు రానే వచ్చింది. ముందురోజే హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వచ్చిన దేవదాసు, ఒక బంతిపూల దండ కొనుక్కుని విమానాశ్రయానికి చేరుకున్నాడు. జనం ట్రాలీలు తోసుకుంటూ బయటికి వచ్చే గేటు దగ్గర నిలబడి రాజక్కకు ఫోన్ చేశాడు.

"మేం పైన ఉన్నం అన్నా," అంది రాజక్క.

దేవదాసు నుదురు కొట్టుకున్నాడు. వచ్చేవాళ్ళు బయటికి వచ్చేది కింద. పైన పోయేవాళ్ళను దించుతారు. ఇంతదూరం క్షేమంగా వచ్చి ఇక్కడ దారి తప్పిందనుకుంటూ లిఫ్టెక్కాడు.

పైన కారు ఆగి ఉంది. కడిగి తుడిచి, కొత్త బండిలా ఉంది. రాజక్క వెనక డిక్కీ దగ్గర నిలబడి ఉంది. డ్రైవర్ సీట్లో ఎవరో ఒకతను కూర్చుని ఉన్నాడు. అతని ఎడమ చెయ్యి క్లచ్ మీట మీద ఉంది. ప్యాంటు ఎడమ కాలు మోకాలి దగ్గర మడిచి, పిన్ను పెట్టి ఉంది.

"దేవదాసన్నవు గదా? నేను నర్సింగాన్ని," అన్నాడతను.

"నువ్వు... ఎప్పుడచ్చినవ్ తమ్మీ?"

"పోయినేడే అచ్చిన. కాలు ఆడనే ఇడిసిపెట్టి అచ్చిన." నర్సింగం నవ్వబోయి మానుకున్నాడు. "కొడిమ్యాల నుంచి ఈడిదాక నేనే తోలుకచ్చిన అన్నా. బండి ఏడ ఆగలే."

దేవదాసుకు దండ ఏం చేయాలో తోచలేదు. "మరి ఇయ్యాల అచ్చేదెవరు?" అన్నాడు.

నర్సింగం అద్దంలోంచి వెనక ఉన్న రాజక్క వైపు చూశాడు.

పాస్‌పోర్టు చేతబట్టుకుని లోపలికి నడిచింది రాజక్క.