ఏడు విజిళ్లు

ప్రతి వంటింటి గోడకీ ఉన్న సర్కారు చెవి మా మాటలన్నీ వింటుంది. “ఎన్నికలు” అన్నందుకు ఎదురింటి మాస్టారిని తీసుకుపోయారు.

నా కూతురు హిమజ పలక మీద రాసింది: “ఊరంతా పలకల మీద కబురు: ఎన్నికలు కావాలనేవాళ్లు పొద్దున పదింటికి కుక్కర్ ఏడు విజిళ్లు వేయించాలమ్మా.”

“మనదొక్కటే కూస్తే నిన్ను పట్టుకుపోరూ?” అని రాశాను.

అయినా పదింటికి పప్పు కుక్కర్ పెట్టాను. అలవాటుకొద్దీ మూడో విజిల్‌కే స్టవ్ ఆపబోయాను. హిమజ చెయ్యి పట్టుకుంది. ఐదో విజిల్ దాకా మాదొక్కటే. ఆరోదానికి పక్కింటిది కూసింది. ఏడోదానికి ఊరంతా కూసింది.

“ఏమీ వినబడటం లేదు” అని గోడమీది చెవి ఒక్కసారి గొణిగి, ఆగిపోయింది.

కిటికీ తీసి, “ఎన్నికలు పెట్టండి!” అని నేనే అరిచాను.

“పెట్టాల్సిందే వదినా!” అంది పక్కింటావిడ.

సాయంత్రానికి ఎన్నికల తేదీ ప్రకటించారు. మాడిన పప్పే గట్టిగా మాట్లాడుకుంటూ తిన్నాం.