విమానం దిగాలంటే

ఈసారి రాజమోహన్ జీపు దిగి, చెప్పులు విడిచి మరీ మాలకొండమ్మ గుడిసె ముందు నిలబడ్డాడు.

"ఊరి సంగతి మాట్లాడను మాలకొండమ్మా. ఆ మాట వదిలేసినాను. విమానం సంగతి చెప్పిపోదామని వచ్చినాను."

నల్లగుట్టపల్లె కింద మైకా, అంటే అభ్రకం, ఉంది. ఆత్మకూరు వ్యాపారి రాజమోహన్‌కి ఆ మైకా కావాలి. పల్లె అంతా ఒప్పుకుని లేచిపోతే తప్ప గని తవ్వడానికి సర్కారు అనుమతి రాదు. రెండేళ్లుగా కాళ్లరిగేలా తిరిగాడు. బతిమాలాడు, బెదిరించాడు. మాలకొండమ్మ కాదంది. ఆమె కాదంది కాబట్టి పల్లె అంతా కాదంది.

ఆమె కదలకపోవడానికి కారణం ఒక్కటే. యుద్ధంలో విమానాల రిపేరు పనికని వెళ్లిన మొగుడు పెంచలయ్య ఇంకా తిరిగి రాలేదు. వస్తే ఈ గుమ్మానికే వస్తాడు. గుమ్మమే లేకపోతే ఎక్కడికని వస్తాడు? పిచ్చిది అనుకున్నవాళ్లు ఉన్నారు. ఆమె ముఖాన అనేంత ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"ఏం విమానం?" అంది.

"ఆకాశంలో పల్టీలు కొట్టే విమానం. పెద్ద పెద్ద ఊళ్లల్లో చూపిస్తా ఉండారు. మీ మనసు కష్టపెట్టినాను గదా, అందుకని మీ పల్లెకి తెప్పిస్తా ఉండా." గొంతు తగ్గించాడు. "దాని వెంట వచ్చే మెకానిక్కుల్లో ఉదయగిరి తాలూకావోడు ఒకడు ఉండాడంట. పేరు తెలీదు."

ఉదయగిరి తాలూకావోడు అనగానే మాలకొండమ్మకు పెంచలయ్యే కళ్ల ముందు కదిలాడు. అయినా ఆమె అంత తేలిగ్గా బోల్తాపడే మనిషి కాదు.

"చూసేదానికి యాడికి రావాల? మేం అటు పోంగానే గుడిసెలు పీకిస్తావా?"

"మీరు యాడికీ రావద్దు. మీ ఊరి బీడులోనే ఆట. గుడిసెలు మీ కళ్ల ముందరే ఉంటాయి."

దాంతో ఆమె అనుమానం తీరిపోయింది.

ఇక పల్లెలో ఎవరికీ కాలు నిలవలేదు. యుద్ధమప్పుడు మద్రాసులో లారీ తోలిన బడే సాహెబ్‌కి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. విమానం దగ్గరగా చూసినవాడు ఊరి మొత్తానికి ఆయనొక్కడే. రెక్కలు ఆడిస్తుందా, లేదా? ఆ మోతకి కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయా? అడిగినదానికల్లా ఆయన గడ్డం నిమురుకుంటూ జవాబు చెప్పాడు. తెలిసినవీ చెప్పాడు, తెలియనివీ చెప్పాడు. ఆడవాళ్లు బీడులో ముళ్లకంపలు కొట్టేసి, రాళ్లు ఏరి, చుట్టూ సున్నం గీత పోశారు.

రాజమోహన్ కూడా చేతనైన సాయం చేశాడు. జీపులో బొరుగులూ బెల్లమూ తెచ్చి పంచాడు. రేకు గొట్టంలోంచి అరుస్తూ అందరికీ చేతులెత్తడం నేర్పాడు.

"పైలెట్‌కి పైనించి మొహాలు కనపడవు. చేతులే కనపడతాయి. ఊరంతా ఎత్తితేనే కిందికి దిగతాడు. సగంమందే ఎత్తినారనుకో, వీళ్లకి నేను అక్కర్లేదులే అని కలిగిరికి పోతాడు."

ఆ మాట మాలకొండమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఇంటింటికీ తిరిగింది. బాలింతను కూడా వదల్లేదు. సిగ్గుపడేవాళ్లను తిట్టింది, బద్ధకించేవాళ్ల కాళ్లు పట్టుకుంది.

"నాకు ఈ కుడిచెయ్యి లేవదు గదమ్మే," అన్నాడు బడే సాహెబ్.

"నేను లేపతాలే మామా. నువ్వు వచ్చి నిలబడు, చాలు."

ఆ రోజు రానే వచ్చింది. మాలకొండమ్మ పెట్టె అడుగునుంచి పెళ్లిచీర తీసి కట్టుకుంది. ఎన్నో ఏళ్లకు తలలో కనకాంబరాలు పెట్టుకుంది. అద్దంలో చూసుకుంటే తనకే ఏడుపొచ్చింది. తుడుచుకుని బీడుకు పరుగెత్తింది.

జీపులోంచి టోపీ పెట్టుకున్న పెద్దమనిషి దిగాడు.

"మద్రాసు నించి వచ్చిన ఆఫీసరు," అన్నాడు రాజమోహన్. "తెలుగు ముక్క రాదు. ఈయన పిలిస్తేనే విమానం వచ్చేది."

ఆఫీసరు అందరికీ నమస్కారం పెట్టాడు. ఉతికిన బట్టలూ, పూలూ, నవ్వులూ చూసి ఆయన ముఖం కూడా విప్పారింది. తర్వాత నిదానంగా, మర్యాదగా ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

"ఏమంటా ఉండాడు మామా?" అంది మాలకొండమ్మ.

బడే సాహెబ్‌కి వచ్చిన ఇంగ్లీషు బ్రేకు, గేరు వరకే. ఇన్నాళ్లు సంపాదించుకున్న పరువు ఇప్పుడు పోగొట్టుకోవడం ఇష్టంలేక, "విమానాన్ని పిలస్తా ఉండాడు," అన్నాడు.

రాజమోహన్ రేకు గొట్టం నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"వస్తా ఉండాది! ఉదయగిరి దుర్గం దాటింది! చేతులెత్తండి!"

పల్లె పల్లెంతా చేతులెత్తింది. మాలకొండమ్మ తన చెయ్యి ఒకటి ఎత్తి, రెండో చేత్తో బడే సాహెబ్ చెయ్యి పట్టి లేపింది. ముసలాయన నొప్పికి పళ్లు బిగించాడు కానీ దించలేదు.

ఆఫీసరు నమ్మలేనట్టు చూశాడు. ఈ చివరనుంచి ఆ చివరదాకా నడిచాడు. మళ్లీ అదే మాట, ఇంకాస్త గట్టిగా అడిగాడు.

"ఇంకా పైకెత్తండి!" అరిచాడు రాజమోహన్.

ఇంకా పైకెత్తారు. కేకలు వేశారు, ఈలలు వేశారు. ఆఫీసరు తలూపి, రాజమోహన్‌తో కరచాలనం చేసి, జీపెక్కాడు. రాజమోహన్ కూడా ఎక్కాడు. జీపు ఆత్మకూరు దోవ పట్టింది.

ఉదయగిరి దుర్గం మీద ఆకాశం ఖాళీగా ఉంది. చేతులు లాగుతున్నాయి. ఒకరిద్దరు దించబోయారు.

"దించబాకండి!" మాలకొండమ్మ గొంతు చించుకుంది. "మీకు దణ్ణం పెడతా, దించబాకండి! దించితే ఆయన ఎట్ట దిగతాడు?"

ఆఫీసరు రెండుసార్లూ అడిగిన మాట ఒక్కటే: "మైకా గని కోసం ఈ పల్లె వదిలి వెళ్లిపోవడానికి ఇష్టపడేవాళ్లు చేతులెత్తండి."